హ్యాంగ్ ఆన్ అంటే ఫోను పెట్టేయమని కాదు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

విదేశాల ఖాతాదారులతో ఫోనులో మాట్లాడే ఉద్యోగంలో చేరబోతున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

వ్యాకరణం నీకు నేను చెప్పనక్కర్లేదు. రోజూ ఇంగ్లీషు వార్తలు విను. కొత్త మాటను వాక్యంతో సహా రాసుకో. నా భయమంతా క్రియ పక్కన చేరే చిన్న మాటల గురించే.

నీ వయసులో ఒక ఉద్యోగం విషయమై నాకు ఫోను వచ్చింది. అప్పుడు మాది గోడకు బిగించిన ఫోను. అవతల ఒకావిడ నా పేరు అడిగి, "హ్యాంగ్ ఆన్" అంది. హ్యాంగ్ అంటే తగిలించడమని నాకు తెలుసు. రిసీవరు తగిలించే కొక్కెం కళ్లెదుటే ఉంది. "మంచిది మేడమ్" అని మర్యాదగా తగిలించేశాను. మళ్లీ చేస్తారు కదా అని గోడ పక్కన స్టూలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. భోజనానికి పిలిచినా లేవలేదు. ఫోను మోగలేదు.

ఆవిడ లైనులో ఉండమంది, తల్లీ. ఆ "ఆన్"లో ఉన్నది వదలకుండా పట్టుకుని ఉండడం. పెట్టేయడానికి వాళ్లనే మాట "హ్యాంగ్ అప్". అది పుట్టింది ఆ కొక్కెం నుంచే. కొక్కేలు పోయినా మాట నిలిచింది. ఇదంతా నెల తర్వాత ఒక స్నేహితుడి వల్ల తెలిసింది. మీ తాతయ్యకు మాత్రం లైను తెగిపోయిందనే చెప్పాను. వెంటనే నేనే ఫోను చేసి అడగవలసింది. నామోషీ అడ్డొచ్చింది.

నీలోనూ ఆ పౌరుషం ఉంది. చిన్నప్పుడు లెక్క అర్థం కాకపోతే పుస్తకం మూసేసి, తెలిసినట్టు తలాడించేదానివి. అక్కడ కూడా అలా చేశావంటే ఊరుకోను. 1755లో ఇంగ్లీషు నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సనే, క్రియకు చిన్న మాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి పరాయివాళ్లకు అన్నిటికంటే కష్టమని ముందుమాటలో రాశాడు. మనం మాత్రం? ఒకరి సలహాను కొట్టిపారేశాం అంటే అందులో కొట్టిందీ లేదు, పారేసిందీ లేదు. నేర్చుకునేవాళ్లకు అదీ ఇంతే.

"పుట్ ఆఫ్" వాయిదా, "కాల్ ఆఫ్" రద్దు. ఇవి తారుమారైతే జరగని సమావేశం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటావు. "ఇట్" వస్తే మధ్యలోనే పెట్టు: "పుట్ ఇట్ ఆఫ్". మాటల్లో ఇవి హాయిగా వాడుకో. ఒప్పందాలు రాసేటప్పుడు "పోస్ట్‌పోన్" నయం.

సందేహం వస్తే, "లైనులో ఉండమంటారా?" అని అప్పుడే అడిగెయ్యి. గొంతు తగ్గించకు. మొదటిరోజు పని ముగిశాక, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోను చెయ్యి. నువ్వు పెట్టేసేదాకా నేను పెట్టను.

మీ పెదనాన్న