మరక పోయేది రంగు కోటుతో కాదు

"లోపలి గోడల మీద మరకలు ఉన్నాయి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) బదులు రంగే ఇంకొక కోటు వేయిస్తే సరిపోదా?" అని అడిగారు. సరిపోదు, మా ఇంట్లో ఆ ప్రయత్నం కూడా జరిగింది.

చెల్లెలి పెళ్ళికి ముందు రాజమండ్రిలోని మా ఇంటికి రంగులు వేయించాము. దేవుడి గూటి చుట్టూ 30 ఏళ్ళ దీపపు మసి, నూనె జిడ్డు పట్టి గోడ ముదురు తేనె రంగుకు తిరిగి ఉండేది. రంగులు వేసే మేస్త్రి దానిని పొడి గుడ్డతో తుడిచి, నీళ్ళతో కలిపే ప్రైమర్ ఒక కోటు, ఆపైన తెల్లని ఎమల్షన్ (నీళ్ళతో కలిపే గోడ రంగు) రెండు కోట్లు వేశాడు. సాయంత్రానికి గోడ పాలలా ఉంది, మర్నాడు ఉదయం గూటి పైన మసి సాగిన దారంతా గోధుమ రంగులో తేలింది. మూడో కోటు వేయించాము, అదీ తేలింది. పెళ్ళికి తొమ్మిది రోజులే ఉన్నాయని అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది.

నీళ్ళతో కలిపే పూత తడిగా ఉన్నంతసేపూ పాత మరకలోని రంగు దానిలోకి ఎక్కి, ఆరేకొద్దీ పైకి వస్తుంది. అందుకే ఎన్ని కోట్లు వేసినా ఫలితం ఒక్కటే. చివరికి మా వీధిలోని పెద్ద మేస్త్రి గారు పెచ్చులన్నీ గీకించి, చాకలి సోడా కలిపిన వేడినీళ్ళతో జిడ్డు కడిగించి, మంచినీళ్ళతో రెండుసార్లు తుడిపించి, రెండు రోజులు ఆరనిచ్చారు. తరువాత గరుకు కాగితంతో రుద్ది, టర్పెంటైన్‌తో పలుచన చేసే ఆయిల్ ప్రైమర్ ఒక కోటు వేసి, రోజంతా ఆగి ఎమల్షన్ వేశారు. మరక మళ్ళీ కనబడలేదు. నా దృష్టిలో గోడ పనిలో సగానికి పైగా ఈ కడగడం, ఆరబెట్టడమే. చదరపు అడుగుకు ఇంత అని ధర చెప్పేవారు సరిగ్గా వీటినే ఎగవేస్తారు కనుక, కడగడానికి ఎంత, ఏ ప్రైమర్ వేస్తారు అన్నది విడిగా వ్రాయించుకోండి.

అయితే మీ మరక స్నానాల గది గోడకు అవతలి వైపు ఉండి, దాని మీద తెల్లని ఉప్పు పూస్తుంటే అది చెమ్మ. చెమ్మ గోడకు ఆయిల్ ప్రైమర్ వేస్తే పొక్కులు లేచి ఊడుతుంది, లప్పం పెట్టినా రాలిపోతుంది. ముందు ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రాత్రి ఉంచండి. గోడ వైపు నీటి బొట్లు కనబడితే రంగుల మేస్త్రిని కాదు, ప్లంబరును పిలవండి.