రేడియేషన్‌కు ముందు ఆ బ్లాకులు ఇంకోచోట చూపించండి

అమ్మగారి గొంతు బొంగురుపోయిందని, స్వరపేటికలో గడ్డకు బయాప్సీ చేస్తే స్క్వామస్ కాన్సర్ (పై పొర కణాల్లో వచ్చే కాన్సర్) అన్నారని, ఇంకో డాక్టరేమో గ్రాన్యులార్ సెల్ ట్యూమర్ (చాలావరకు కాన్సర్ కాని గడ్డ) కావచ్చంటున్నారని రాశారు. ఎవరి మాట నమ్మాలన్నదే కదా మీ సందేహం. సరిగ్గా ఇదే నాకు జరిగింది. నేను డాక్టర్ని కాదు, లెక్కల మాస్టార్ని.

మాస్టారికి గొంతు పోవడం మామూలే అనుకుని ఆర్నెల్లు మిరియాల పాలతోనూ, ఎసిడిటీ మాత్రలతోనూ నెట్టుకొచ్చాను. చివరికి కెమెరా వేసి చూస్తే స్వరతంత్రి వెనకవైపు శనగగింజంత పసుపురంగు గడ్డ. ముక్క తీశారు, కాన్సరన్నారు, రేడియేషన్‌కు తేదీ కూడా ఇచ్చేశారు.

మా బావమరిది ల్యాబ్ టెక్నీషియన్. "బావా, బ్లాకులు తెచ్చుకుని ఇంకోచోట చూపిద్దాం" అని పట్టుబట్టాడు. బ్లాకంటే మన ముక్కను మైనంలో పోసి ఉంచిన దిమ్మ. అడిగితే స్లైడ్లతో పాటు ఇచ్చారు. నిజానికి నేను వద్దనే అన్నాను, అప్పటికే విసిగిపోయి ఉన్నాను.

రెండోచోట పాథాలజిస్టు మేడం విడమరిచి చెప్పారు. నాది గ్రాన్యులార్ సెల్ ట్యూమరేనట. ఈ గడ్డ నరాలను చుట్టి ఉండే ష్వాన్ కణాల నుంచి పుట్టి, పై పొర కిందే ఉంటుందట. పైనున్న పొర దాని వల్ల మందమెక్కి, వేళ్ళు దిగినట్టు లోపలికి పెరుగుతుంది. ముక్క పైపైనే తీస్తే ఆ పొర ఒక్కటే దొరుకుతుంది, చూడ్డానికి అచ్చం స్క్వామస్ కాన్సరే. బ్లాకును ఇంకా లోతుగా కోయిస్తే గింజలు గింజలుగా ఉన్న పెద్ద కణాలు బయటపడ్డాయి, ఎస్-100 (ష్వాన్ కణాల్లో ఉండే ప్రోటీన్‌ను గుర్తించే) పరీక్ష పాజిటివ్ వచ్చింది. 1926లో దీన్ని వర్ణించిన రష్యా పాథాలజిస్టు అబ్రికోసోవ్ కూడా కండరంలోంచి వచ్చిందనే అనుకున్నాడట!

కాబట్టి అమ్మగారి బ్లాకుకు లోతు సెక్షన్లు (ఇంకా లోతుగా కోసిన పలచని ముక్కలు), ఎస్-100 చేశారా అని అడగండి. ముక్క మరీ పలచగా ఉంటే మళ్ళీ లోతుగా తీయాల్సి రావచ్చు. రెండోచోట కూడా కాన్సరనే తేలితే మాత్రం మూడో అభిప్రాయం కోసం తిరక్కుండా వైద్యం మొదలుపెట్టండి.

ఈ గడ్డ చాలావరకు ప్రాణాంతకం కాదు. రేడియేషన్‌తో పెద్దగా లాభం ఉండదు, పూర్తిగా తీసెయ్యడమే వైద్యం. నాకు నోట్లోంచే తీశారు, మెడ మీద కోత లేదు. మిగిలిపోతే మళ్ళీ పెరగొచ్చని అప్పుడప్పుడూ కెమెరాతో చూస్తున్నారు. మూడేళ్ళయింది, ఏమీ లేదు. గొంతు కాస్త బలహీనపడింది, వెనక బెంచీకి వినబడాలంటే మైకు పెట్టుకుంటాను.