ఇంత చలి పెడుతుంటే భూమి వేడెక్కడమేంటి?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఈ పుష్యమాసంలో పొద్దున్న తొమ్మిదైనా వంశధార గట్టు మీద మంచు విడవలేదు, మా అమ్మ కుంపటి వదిలి లేవలేదు. "భూమి వేడెక్కిపోతోందని ఊదరగొడతారు, ఇదేనా వేడి?" అని మా తమ్ముడు. పదో తరగతి చదివే మా అబ్బాయేమో "మావయ్యా, ఈ చలి కూడా క్లైమేట్ చేంజ్ వల్లే" అంటాడు. రోజూ ఇదే గొడవ. ఎవరిది రైటు?
- ఒక పాఠకురాలు

జవాబు: ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒకటే అమ్మా. ఒక్క నెల చలి చేత పెద్ద సాక్ష్యం చెప్పించాలని చూస్తున్నారు.

ఇందులో సగం చిక్కు మన మాటల్లోనే ఉంది. ఈ వారం చలినీ, ముప్పై ఏళ్ల సగటునీ కూడా మనం వాతావరణం అనే అంటాం. రెండోదానికి పుస్తకాల్లో శీతోష్ణస్థితి అని ఉంది గానీ ఇంట్లో ఎవరంటారు? మీ అబ్బాయి ఒడియా బడిలో చదువుతుంటే ఇది వాడికి తేలిగ్గా అర్థమవుతుంది, అక్కడ ఈ వారం చలి లాంటిది పాణిపాగ, ఏళ్ల సగటు జలవాయు.

మీ ఊరి చలికి కారణాలు దగ్గర్లోనే ఉన్నాయి. ఆకాశంలో మబ్బు లేకపోతే పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రికి పైకి పోతుంది, దానికి తోడు వాయవ్యం నుంచి పొడిగాలి, ఆపైన కొండల మీద చల్లబడి బరువెక్కిన గాలి కిందికి జారి లోయలో నిలుస్తుంది. భూమి ఒకటిన్నర డిగ్రీ వేడెక్కినంత మాత్రాన ఇవేవీ ఆగిపోవు.

మీ తమ్ముడితో బావి సంగతి చెప్పండి. రాత్రి గట్టి వాన పడితే పొద్దున్నకి నీళ్లు రెండు మూరలు పైకి వస్తాయి. నిజమే. కానీ అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఎంత తాడు సరిపోయేది, ఇప్పుడు ఎంత తాడు కావాలి అని కదా చూడాల్సింది! 2015 ఫిబ్రవరిలో అమెరికా సెనేట్‌లో జేమ్స్ ఇన్‌హోఫ్ అనే సభ్యుడు బయటి నుంచి మంచు ఉండ తెచ్చి, చూడండి ఎంత చలిగా ఉందో అని వాదించాడు. ఆ ఏడాది ముగిసేసరికి ప్రపంచం మొత్తం మీద అప్పటిదాకా నమోదైన అన్ని సంవత్సరాల కంటే అదే ఎక్కువ వేడి సంవత్సరమైంది. ఆ రికార్డు కూడా నిలవలేదు, 2024లో ప్రపంచ సగటు పారిశ్రామిక యుగానికి ముందుకంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. మన దేశంలోనూ 1901 నుంచి చూస్తే 2024దే మొదటి స్థానం. ఇంకో మాట, ఆ ఏడాది మన పగటి సగటు మామూలు కంటే 0.20 డిగ్రీలు పెరిగితే రాత్రి సగటు 0.90 పెరిగింది. చలి తెలిసేది రాత్రుల్లోనే కాబట్టి మీ తమ్ముడు చూడాల్సిన అంకె ఇదే.

ఇక మీ అబ్బాయి. ఉత్తర ధ్రువం వేడెక్కడం వల్ల అక్కడి చలిగాలి అప్పుడప్పుడు అమెరికా, యూరప్ మీదికి జారుతోందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు, ఇంకొందరు ఒప్పుకోరు. ఆ వాదన తెచ్చి గుణుపురం చలికి తగిలించకూడదు. తన పక్షం రైటే కదా అని బలం లేని సాక్ష్యం పెడితే, మావయ్య దాన్నొక్కదాన్ని కొట్టేసి మొత్తం కొట్టేశాననుకుంటాడు. నాకు బాధ అనిపించేది అదే. వేసవిలో ఒక్క మండే రోజును చూపించినా అంతే.

మరి చలి ఏమీ చెప్పదా అంటే, లెక్కపెడితే చెబుతుంది. అమెరికాలో 1950ల్లో వేడి రికార్డులూ చలి రికార్డులూ దాదాపు సమానంగా ఉండేవి, 2000 తర్వాతి పదేళ్లలో ఒక చలి రికార్డుకు రెండు వేడి రికార్డులు వచ్చాయి. చలి వస్తూనే ఉంది, కాకపోతే వాటా తగ్గింది. మీ ఇంట్లో ఈ లెక్క అమ్మ దగ్గరే మొదలుపెట్టొచ్చు. ఈ చలికాలం కుంపటి ఎన్ని రాత్రులు వెలిగింది, ఆవిడ చిన్నప్పుడు ఎన్ని రాత్రులు వెలిగేది? మావయ్యనీ అల్లుణ్ణీ కలిసి వెళ్లి అడగమనండి.