సముద్రజీవికి కాడ, వేరు, కొమ్మ అనొచ్చా?

సందేహం: చల్లని సముద్రాల్లో రాళ్ళని పట్టుకుని బతికే ట్యూబులేరియా ఇన్‌డివైసా అనే హైడ్రాయిడ్ (జెల్లీఫిష్‌కి చుట్టమైన చిన్న జీవి) గురించి రాస్తూ ‘కాడ, వేరు, కొమ్మలు’ అన్నాను. అది జంతువు, మొక్కల మాటలెందుకని మిత్రుడు మూడూ కొట్టేశాడు. ఎవరిది తప్పు? పనిలో పని, ఇది జాతా, ప్రజాతా?

సమాధానం: కాడని నిక్షేపంగా ఉంచండి. అది మొక్క సొత్తేమీ కాదు, గరిటెకీ కాడ ఉంటుంది. తీగ పందిరి మీద పాకుతుంది, వీణ మీద మోగుతుంది కూడా. ఇవి ఆకారాన్ని బట్టి వాడే మాటలు, ప్రాణం ఉందా లేదా అని అడగవు.

పైగా శాస్త్రవేత్తలు చేసిందీ ఇదే. హైడ్రాయిడ్ కాడని హైడ్రోకాలస్ అంటారు, అందులో ఉన్నది కాడ అనే అర్థమున్న గ్రీకు మాటే. అడుగుభాగం హైడ్రోరైజా, అంటే నీటివేరు. తల హైడ్రాంత్, అంటే నీటిపువ్వు! చూడ్డానికి ఇవి అచ్చం మొక్కల్లా ఉంటాయి మరి. ఇలాంటివి జంతువులేనని ప్రకృతి శాస్త్రవేత్త జాన్ ఎల్లిస్ 1755లో పుస్తకం రాసి వాదించాల్సి వచ్చింది, ఆ తర్వాత 1758లో కూడా, జీవుల వర్గీకరణకి పునాది వేసిన లినేయస్ వీటిని ‘జూఫైటా’ అనే గుంపులో, అంటే జంతువృక్షాలని పేరు పెట్టి, సర్దాడు.

వేరు దగ్గర మాత్రం మీ మిత్రుడి మాట కొంత వినాలి. వేరు అనగానే పాఠకుడికి నీళ్ళు పీల్చే పని గుర్తొస్తుంది. ఇక్కడ ఆ పని లేదు, రాయిని పట్టుకోవడమే. ‘వేళ్ళలా పాకిన అడుగుభాగం’ అంటే సరిపోతుంది. ఆ ‘లా’ ఒక్క అక్షరమే గానీ తప్పుడు అర్థాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఇక కొమ్మలు. కొట్టేయాల్సిందే, కాకపోతే మొక్కల మాట అని కాదు, ఈ జీవికి అసలు కొమ్మలే లేవు కాబట్టి! ఇన్‌డివైసా అంటేనే ‘విభజన లేనిది’. అడుగున కాడలు ఒకదాన్నొకటి పెనవేసుకున్నా, పైకి వచ్చాక ప్రతి కాడా చీలకుండా నిటారుగా 10-15 సెంటీమీటర్లు పెరుగుతుంది, దాని కొసన గులాబీ రంగు తల, తల చుట్టూ రెండు వరసల స్పర్శకాలు (ఎరని పట్టే సన్నని మీసాల్లాంటివి): కింది వరసలో పొడుగువి, పైన నోటి చుట్టూ పొట్టివి, ఆ రెండు వరసల మధ్య నుంచి ద్రాక్షగుత్తుల్లా వేలాడే ప్రత్యుత్పత్తి భాగాలు. పువ్వు అనబోయేవాళ్ళు ఇక్కడే ఆగాలి. ఆ స్పర్శకాల నిండా దంశకణాలు, అంటే కుట్టే కణాలు, ఉంటాయి, దగ్గరికొచ్చిన చిన్న జీవుల్ని పట్టి మింగేస్తుంది. ‘పువ్వులాంటి తల’ అనండి, ‘పూసింది’ అనకండి.

రెండో ప్రశ్న తేలికే. ట్యూబులేరియా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), ట్యూబులేరియా ఇన్‌డివైసా జాతి. చాలామంది ‘ఇన్‌డివైసా జాతి’ అని రెండో ముక్కని ఒంటరిగా రాసేస్తున్నారు. అది పొరపాటు, జాతి పేరంటే రెండు మాటలూ కలిసే. అలాగే వర్గం, విభాగం, క్రమం, కుటుంబం అనేవి వర్గీకరణలో ఒక్కో మెట్టుకి ఖాయమైన పేర్లు. మామూలు మాటల్లో ‘ఈ వర్గం జీవులు’ అంటే ఎవరూ పట్టించుకోరు గానీ మీ వ్యాసంలో మాత్రం జెల్లీఫిష్‌లూ పగడాలూ కూడా ఉండే నిడేరియా ఒక్కటే వర్గం, హైడ్రోజోవా దాని కింది విభాగం.

మీరు అడగలేదు గానీ చివర బ్రాకెట్లు చూశాను. ‘ట్యూబులేరియా ఇన్‌డివైసా (లినేయస్, 1758)’ అని రాశారు. మన మామూలు రాతలో బ్రాకెట్ అంటే ‘అనగా’ అని, లేదా అదనపు సమాచారమని. ఇక్కడ అలా కాదు. జాతికి మొదట పేరు పెట్టినప్పటి ప్రజాతి తర్వాత మారితేనే ఆ పేరు పెట్టినవాళ్ళు బ్రాకెట్లోకి వెళ్తారు. ఎక్టోప్లూరా లారింక్స్ (ఎల్లిస్, సోలాండర్, 1786) అలాంటిదే, దాన్ని ముందు ట్యూబులేరియాలో పెట్టారు. మీ జీవి లినేయస్ ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది, బ్రాకెట్లు తీసేయండి.