చక్ ఈ చీజ్ పాత టోకెన్లు: ముందు చింతపండు పక్కన పెట్టండి

ప్రశ్న: టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక గరాజ్ సేల్‌లో డబ్బాడు పాత ఆర్కేడ్ టోకెన్లు (గేమ్ మెషిన్‌లో వేసే బిళ్ళలు) కొన్నాను. పిల్లల గేములుండే పిజ్జా రెస్టారెంట్ చక్ ఈ చీజ్‌వి. చాలావాటి మీద ఎలుక బొమ్మ, కొన్నిటి మీద ఎలుగుబంటి. నల్లబడి జిడ్డుగా ఉన్నాయి. వీటిని ఎలా శుభ్రం చేయాలి, ఏవి దాచుకోవాలి?

జవాబు: శుభ్రం సంగతి ముందు చెప్పేస్తాను, ఎక్కువమంది పాడుచేసుకునేది అక్కడే. ఇత్తడి కనబడగానే మన చేతులు చింతపండు వైపు పోతాయి. ఈ బిళ్ళలకు అది వద్దు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపు తగిలితే నలుపుతో ఆగదు, పై పొరలోని జింకునూ లాగేస్తుంది. మిగిలిన రాగి వల్ల బిళ్ళ గులాబీ రంగుకు తిరుగుతుంది, అది మళ్ళీ పసుపు కాదు. నిమ్మకాయ, వెనిగర్, కెచప్ చేసేదీ అదే. పీతాంబరి లాంటి తోమే పొడులు గిన్నెలకే బాగు, ఇక్కడ గీతలు మిగుల్చుతాయి. చెంబు తోమితే మెరుస్తుంది, టోకెన్ తోమితే సగం ధర పోతుంది.

చేయాల్సింది ఇది. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పది నిమిషాలు నానబెట్టండి, వేలితో మెల్లగా అటూ ఇటూ తిప్పండి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మెత్తని గుడ్డ మీద అద్దండి. రుద్దొద్దు. సింకులో కాకుండా గిన్నెలో చేయండి, జారితే గొట్టంలోకే పోతుంది. జిడ్డు, స్టిక్కర్ గమ్ ఇంకా వదలకపోతే ప్యూర్ అసిటోన్ వాడాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికేది తీసుకోండి, గోళ్ళ రంగు తీసే సీసా కాదు, దాంట్లో నూనె, సెంటు కలుపుతారు. గాజు గిన్నెలో పోసి పావుగంట ఉంచి, తీసి రెండోసారి కొత్త అసిటోన్‌లో ముంచి గాలికి ఆరనివ్వండి. కిటికీలు తెరిచి ఉండాలి, స్టవ్ దగ్గర అసలు వద్దు, భగ్గున అంటుకుంటుంది. అసిటోన్ లోహాన్ని ఏమీ చేయదు, పచ్చటి చిలుమునూ ఏమీ చేయదు. గట్టిపడిన చిలుమును డిస్టిల్డ్ వాటర్‌లో రెండు రోజులు నానబెట్టి వెదురు టూత్‌పిక్‌తో గీకి చూడండి, రాకపోతే వదిలేయండి. నలుపును మాత్రం ముట్టుకోకండి, అది మురికి కాదు, వయసు.

ఇక ఏది ఎప్పటిదో బొమ్మా బొరుసూ చదివితేనే తెలుస్తుంది. వీడియో గేమ్ కంపెనీ అటారీ పెట్టిన నోలన్ బుష్నెల్ 1977లో కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో మొదటి పిజ్జా టైమ్ థియేటర్ తెరిచాడు. చక్ ఈ చీజ్ అక్కడి ఎలుక. బిళ్ళ మీద "పిజ్జా టైమ్ థియేటర్" అని ఉంటే అది తొలి వరుసది. వాటిలోనే "ఇన్ పిజ్జా వి ట్రస్ట్" అని రాసినవి కనబడతాయి, అమెరికా నాణెం మీది "ఇన్ గాడ్ వి ట్రస్ట్" అన్న దేవుడి మాటకు పేరడీ అది. ఊరి పేరు కూడా ఉంటే వేరే కవర్‌లో పెట్టండి.

ఎలుగుబంటి పేరు బిల్లీ బాబ్. అది 1980లో కాన్సాస్ సిటీలో మొదలైన షోబిజ్ పిజ్జా ప్లేస్‌ది. పిజ్జా టైమ్ 1984లో దివాలా తీసింది, దాన్ని షోబిజ్ వాళ్ళే కొనేశారు. కొన్నేళ్ళు రెండు పేర్లూ పక్కపక్కనే నడిచాయి. 1990ల మొదట్లో షోబిజ్‌లన్నీ చక్ ఈ చీజ్‌లుగా మారిపోయాయి, అక్కడితో ఎలుగుబంటి టోకెన్ల కథ ముగిసింది. ఎలుక టోకెన్లు ఎప్పటివో దాని వేషమే పట్టిస్తుంది: గుండ్రటి డెర్బీ టోపీ ఉంటే పాతది, బేస్‌బాల్ టోపీ ఉంటే 90లు, ఆ తర్వాతది. 2012లో దాన్ని గిటారు పట్టిన రాక్ స్టార్‌గా మార్చారు. 2010ల చివరికి టోకెన్ల చోటు ప్లే పాస్ కార్డులు ఆక్రమించాయి. (ఈ కంపెనీ హెడ్డాఫీసు మీ ఇర్వింగ్‌లోనే ఉంది, మీ డబ్బా పుట్టింటికి దూరంగా పోలేదన్నమాట.)

రాత ఒకటే అయినా బిళ్ళ ఒకటే కానక్కర్లేదు. ఆర్కేడ్ టోకెన్లలో బాగా వాడుకలో ఉన్న సైజు 0.984 అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు. అయినా ప్రతిదీ డిజిటల్ కాలిపర్‌తో కొలవండి, 0.01 గ్రాము చూపించే తూకంలో పెట్టండి. మీ పనిముట్లు సరిగా ఉన్నాయో లేదో చూడ్డానికి కొత్త క్వార్టర్ (అమెరికా పావు డాలర్ నాణెం) చాలు: 24.26 మి.మీ., 5.67 గ్రాములు రావాలి. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. తర్వాత తిప్పి చూడండి. బొమ్మను నిటారుగా పట్టుకుని పక్కకు తిప్పితే బొరుసు కూడా నిటారుగా ఉందా, తలకిందులుగా ఉందా? మన రూపాయి మొదటి రకం, అమెరికా నాణేలు రెండో రకం. టోకెన్లలో రెండూ వస్తాయి కాబట్టి కార్డు మీద బాణం గుర్తు వేసుకోండి.

దాచడానికి మైలార్ (పారదర్శకమైన ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న 2×2 అంగుళాల అట్ట కార్డులు, క్వార్టర్ సైజువి సరిపోతాయి. వివరాలు ముందు రాసి, తర్వాతే బిళ్ళ పెట్టి పిన్ను కొట్టండి. పిన్ను కాళ్ళను పట్టకారుతో అదిమి చదును చేయకపోతే పక్క కార్డులోని బిళ్ళను గీకేస్తాయి. మెత్తగా వంగే ప్లాస్టిక్ పౌచ్‌లు వద్దు. కొత్త రెక్సిన్ వాసన వస్తే అది పీవీసీ, ఏళ్ళు గడిచాక బిళ్ళ మీద పచ్చటి జిగురు వదులుతుంది. దాన్ని వదిలించడానికీ అసిటోనే. డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేయండి. సంక్రాంతికి విశాఖ తీసుకెళ్ళి అక్కడే ఉంచాలనుకుంటే మరీ ముఖ్యం, సముద్రపు గాలి ఇత్తడిని బతకనివ్వదు.

కొనేటప్పుడు "రేర్" అన్న మాటకు పైసా ఇవ్వకండి. మామూలు ఎలుక టోకెన్లు కుప్పలుగా తిరుగుతున్నాయి. ఈబేలో అడిగే ధర కాదు, సోల్డ్ ఐటమ్స్ నొక్కి నిజంగా అమ్ముడుపోయిన ధర చూడండి. రెండు వైపులా ఫొటో ఇవ్వనివాళ్ళ దగ్గర కొనొద్దు. గులాబీ రంగు తేలిందంటే ఎవరో పులుపుతో తోమారని అర్థం. "ఎర్రర్" అని అమ్మేవాటిలో చాలా వరకు గేమ్ మెషిన్‌లో నలిగినవే: నొక్కు ఒకవైపే ఉండి, అక్కడి అక్షరాలు చదునైపోయి లోహం పక్కకు జరిగి ఉంటే అది ముద్రలో వచ్చిన తప్పు కాదు, తర్వాత తగిలిన దెబ్బ.