డెడ్‌లైన్ యూఎస్ఏ (1952) క్లైమాక్స్: పేపర్ బతికినట్టా, పోయినట్టా?

పోయినట్టే. మీకు తికమక ఎక్కడొచ్చిందంటే, ఈ హాలీవుడ్ సినిమాలో గొడవలు రెండుంటే మీరు ఒకటే అనుకున్నారు. చివర్లో ప్రింటింగ్ మెషీన్లు తిరిగాయి కాబట్టి పేపర్ దక్కిందని మీ లెక్క, అమ్మకం సంగతి మరి ఏమైందని మీ ప్రశ్న. ఈ వరసలో చూడండి:

1. మొదటి గొడవ ఇంటిది. ‘ది డే’ పత్రికను అమ్మేద్దామని, చనిపోయిన దాని యజమాని గారిసన్ కూతుళ్ల పట్టుదల. కొనేవాడు పోటీ పత్రికవాడే, కొని మూసెయ్యడానికే.

2. రెండోది రియెంజీ అనే గ్యాంగ్‌స్టర్‌ది. ఎడిటర్ హచెసన్, అంటే హంఫ్రీ బోగార్ట్, వాడి వెంటపడ్డాడు.

3. అందరూ జారవిడిచేది ఆ అమ్మకం మీద జరిగే కోర్టు సీన్. బోగార్ట్ అంత ఆవేశంగా మాట్లాడాక గెలిచేశాడనే అనిపిస్తుంది, కానీ జడ్జి అమ్మకానికే ఒప్పుకున్నాడు. ఆ తీర్పు ఒక్క ముక్కలో అయిపోతుంది, అక్కడ కాస్త ఆపి మళ్లీ వినండి.

4. హత్యకు గురైన రియెంజీ ప్రియురాలి తల్లి, వాడి గుట్టు బయటపెట్టే కూతురి డైరీ, డబ్బు పట్టుకుని పోలీసుల దగ్గరికి కాకుండా పత్రికాఫీసుకి వస్తుంది చూడండి (సినిమా మొత్తంలో నాకు నచ్చింది ఆవిడే), అదీ ఆ తీర్పు తర్వాతే.

5. అందుకే ఆఖర్న రియెంజీ ఫోన్లో బెదిరిస్తుంటే బోగార్ట్ రిసీవర్‌ని మెషీన్ల వైపు పెట్టి ఆ చప్పుడు వినిపిస్తాడే, అది పేపర్ చివరి సంచిక. రియెంజీ పని అయిపోయింది, పేపర్ పనీ అయిపోయింది.