ఆయాసం వస్తోందని నడక మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 66 ఏళ్లు. సీఓపీడీకి, అంటే శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుకి, కొన్నేళ్లుగా ఇన్‌హేలర్లు వాడుతున్నారు. పోయిన నెల ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో ఉండి వచ్చారు, అప్పట్నుంచి మంచం, కుర్చీ తప్ప కదలడం లేదు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చినా ఆయాసపడుతున్నారు. పల్మనరీ రీహాబిలిటేషన్ (ఊపిరితిత్తుల రోగులకు సెంటర్‌లో దగ్గరుండి నేర్పే వ్యాయామ శిక్షణ) చేయించమని రాసిచ్చారు కానీ వారానికి రెండు సార్లు అంత దూరం తీసుకెళ్లడం మావల్ల కావడం లేదు. ఇంట్లోనే వ్యాయామం చేయించవచ్చా? ఏమైనా అయిపోతుందేమోనని అమ్మకు ఒకటే టెన్షన్, మంచినీళ్లు కూడా ఆవిడే చేతికి అందిస్తోంది.

జవాబు: చేయించవచ్చు. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి సరిగ్గా నేర్చుకుని, ఆ తర్వాత ఫోన్లోనో వీడియో కాల్‌లోనో వాళ్ల సలహా తీసుకుంటూ ఇంట్లో చేసినవాళ్లకు దాదాపు సెంటర్‌కి వెళ్లినవాళ్లంత మేలు జరిగిందని పరిశోధనల్లో తేలింది. సెంటర్‌కి రావాలా, ఇంటి నుంచి టెలీ పద్ధతిలో చేయాలా అన్నది రోగినే ఎంచుకోనివ్వమని అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది.

అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది, కానీ ఇక్కడ ఆ ప్రేమే నాన్నగారికి అడ్డం పడుతోంది. నడిచినప్పుడు ఆయాసం వచ్చినంత మాత్రాన ఊపిరితిత్తులు ఇంకా పాడైపోతున్నాయని కాదు. వ్యాయామంతో ఊపిరితిత్తులు మళ్లీ మామూలుగా అయిపోవు, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) అంకెలు కూడా పెద్దగా మారవు. మారేవి కాళ్లు! కదలకుండా కూర్చున్నకొద్దీ తొడల కండరాలు కరిగిపోతాయి, నీరసపడిన కండరంలో కొద్దిపాటి పనికే లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, దాని ప్రభావాన్ని తట్టుకోవడానికి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది, దాంతో ఆయాసం ఇంకా ఎక్కువై మనిషి ఇంకాస్త కూర్చుండిపోతాడు. కాళ్లకు బలం వస్తే అదే బాత్రూమ్‌కి తక్కువ ఆయాసంతో వెళ్లొస్తారు. ఆస్పత్రి నుంచి వచ్చిన నాలుగు వారాల్లోపే ఇది మొదలుపెడితే మంచిది కాబట్టి ఆలస్యం చేయకండి.

ముందుగా ఒకసారి డాక్టరుకి చూపించండి. ఛాతీనొప్పి, ఈమధ్య వచ్చిన గుండెపోటు, తరచూ కళ్లు తిరగడం లాంటివి ఉంటే ఆయన సరేననే దాకా ఆగాలి. ఆరు నిమిషాల నడక పరీక్ష కూడా చేయించండి, ఎక్కడ మొదలుపెట్టాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇక ఇంట్లో ముఖ్యమైనది నడకే. ఆయాసాన్ని సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమనండి. సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఇక భరించలేను. మూడు, నాలుగు దగ్గర ఉండేలా నడవాలి, అంటే ఊపిరి వేగంగా ఆడుతున్నా చిన్న చిన్న మాటలు మాట్లాడగలగాలి. చాలామంది రెండు దగ్గరే ఆపేస్తారు, అలా అయితే కండరానికి పని చెప్పినట్టే కాదు. నాన్నగారు ఇప్పుడు ఒక్క నిమిషమే నడవగలిగితే ఒక్క నిమిషమే నడవనివ్వండి, కూర్చోబెట్టి ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ నడిపించండి. ఇలా విడతలు విడతలుగా నడిచిందంతా కలిపి కొన్ని వారాల్లో 20, 30 నిమిషాలకు చేరితే చాలు. నడకతో పాటు వారానికి రెండు మూడు రోజులు గోడకి ఆనించిన కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, అర లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు పైకెత్తడం చేయించండి. చేతులెత్తితే ఆయాసం తొందరగా వస్తుంది, ఊపిరి తీయడానికి సాయపడే మెడ, భుజాల కండరాలకు ఆ పని కూడా పడుతుంది మరి, అందుకని తక్కువతో మొదలుపెట్టండి.

ఊపిరి విషయంలో నేర్పాల్సింది ఒకటే: ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి అంతకు రెట్టింపు సేపు నెమ్మదిగా వదలడం. ఈ జబ్బులో గాలి లోపలికి పోవడం కంటే పూర్తిగా బయటికి రావడమే కష్టం. అందుకే బలం పెట్టే పని, అంటే కుర్చీలోంచి లేవడం లాంటిది, ఊపిరి వదులుతూ చేయాలి. వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ ఉంటే వ్యాయామానికి పావుగంట ముందు వాడవచ్చేమో డాక్టర్ని అడగండి.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కూర్చున్నా తగ్గని ఆయాసం వస్తే ఆపేసి వెంటనే వైద్యసాయం తీసుకోండి. జ్వరం వచ్చినా, కఫం రంగు మారినా, ఎక్కువైనా ఆ రోజు వ్యాయామం వద్దు, డాక్టరుకి చెప్పండి. అమ్మగారికి కూడా ఒక పని అప్పజెప్పండి: రోజూ ఎంతసేపు నడిచారో, ఆయాసం ఎంత చెప్పారో నోట్‌బుక్‌లో రాయమనండి. ఎనిమిది వారాలు రాస్తే మార్పు ఆవిడకే కనిపిస్తుంది. ఆ తర్వాత మానేస్తే మాత్రం వచ్చిన బలం కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది.

ప్రశ్న: నేను ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్నాను. వ్యాయామం చేసేటప్పుడు తీసేయవచ్చా?

జవాబు: వద్దు, అసలు అప్పుడే అది ఎక్కువ అవసరం. నడకలో ఎంత పెట్టుకోవాలో డాక్టర్ని అడిగి రాయించుకోండి, సొంతంగా పెంచొద్దు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ సాధారణంగా 88 శాతం కంటే తగ్గితే ఆగి కూర్చోవాలి, మీకు వేరే అంకె చెప్పి ఉంటే దాన్నే పాటించండి. వేలు చల్లగా ఉన్నా, గోరుకు రంగు ఉన్నా అంకె తప్పు చూపిస్తుంది. ట్యూబు కాళ్లకు చుట్టుకోకుండా చూసుకోండి, ఇంట్లో పడిపోవడానికి అది కూడా ఒక కారణం.